రంగు ఇసుకలో టిబెట్

కెనడాలోని క్యూబెక్‌కు చెందిన గోర్గట్స్ బృందం 2013లో ‘కలర్డ్ శాండ్స్’ అనే ఆల్బమ్ తెచ్చింది. ఇది టెక్నికల్ డెత్ మెటల్. గిటార్లు రంపంలా కోస్తాయి, తాళం ఒకచోట నిలవదు, గాయకుడు పాడడు, గర్జిస్తాడు. తొలిసారి విన్నవాళ్లు గోల అంటారు. మన తుడుం మోతను కూడా గోల అన్నవాళ్లున్నారు కాబట్టి మేం ఆ మాట దగ్గర ఆగలేదు.

పాటల వస్తువు టిబెట్. మొత్తం తొమ్మిదింటిలో మొదటి నాలుగు ఆ నేల వైభవాన్ని, చివరి నాలుగు చైనా ఆక్రమణ తెచ్చిన గాయాలను చెబుతాయి. బౌద్ధ భిక్షువులు సన్నని లోహపు గొట్టాలతో రంగు ఇసుక రాల్చి రోజుల తరబడి మండలం వేస్తారు. పూర్తయ్యాక ఊడ్చి నీళ్లలో కలిపేస్తారు. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట కూడా అలాగే మెల్లగా, స్వరం మీద స్వరం పేర్చుకుంటూ మొదలవుతుంది.

మమ్మల్ని పట్టి నిలిపింది నడిమిది, ‘ద బ్యాటిల్ ఆఫ్ చామ్డో’. 1950 అక్టోబరులో చైనా సైన్యం తూర్పు టిబెట్‌లోని చామ్డోను పట్టుకుంది. యుద్ధం అనగానే డ్రమ్స్ హోరెత్తుతాయనుకుంటాం. బృంద నాయకుడు లూక్ లెమే గిటార్లను, డ్రమ్స్‌ను, గొంతును పక్కనపెట్టి వయొలిన్ జాతి వాద్యాలతోనే నడిపాడు. విల్లు తీగలను కొరుకుతుంటే ఎవరో దండుగా దగ్గరకొస్తున్నట్టుంటుంది. ఒక్క మాట లేదు. తనది కాని జాతి ఓడిన రోజు దగ్గర పరాయివాడు నోరు మూసుకోవడం మాకు నచ్చింది.

అయితే మొదటి నాలుగు పాటల్లో కొండలు, లామాలు, ధ్యానమే ఎక్కువ. జడలబర్రెలు కాసేవాడు, బార్లీ పండించేవాడు మాకు కనబడలేదు. మన గుస్సాడీని చూసి మురిసిపోయే అతిథులూ నెమలి ఈకల టోపీనే చూస్తారు, పోడు చేను చూడరు. ప్రేమ ఉన్నా అది సగం చూపే. రెండో సగం మేలు. మంచుకొండలు దాటి పారిపోయేవాళ్ల పాట ‘అబ్‌స్కాండర్స్’లో మనుషులున్నారు, ఆ గర్జనకు అర్థం అక్కడ దొరుకుతుంది.

ఉపాధ్యాయులు పిల్లలకు ముందు ఆ ఐదోదాన్ని ఒక్కదాన్నే, పేరు చెప్పకుండా వినిపించండి. ఏం జరుగుతోందో వాళ్లనే అడగండి. చామ్డో సంగతి ఆ తర్వాత చెప్పవచ్చు.