తోట పోయి అంగడి వచ్చిందా? – దివాన్ దేవిడి స్థల పరిణామంపై విమర్శనాత్మక పరిశీలన

వినోదస్థలం అంగడిగా మారిన ప్రతిచోటా దాని చుట్టూ పుట్టే రచన దాదాపు ఒకే మూసలో ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ ఆనందం ఉండేది, ఇప్పుడు బేరం మాత్రమే మిగిలింది అన్నది దాని సారాంశం. షికాగో నగరంలో 1904 నుంచి 1967 దాకా నడిచిన రివర్‌వ్యూ వినోద ఉద్యానం స్థలంలో కొంతభాగం తరువాత షాపింగ్ సెంటర్ అయింది. దాన్ని తలచుకొనేవారి స్వరమూ, హైదరాబాద్ పాతనగరంలోని దివాన్ దేవిడిని తలచుకొనేవారి స్వరమూ చాలావరకు ఒకటే. కాని ఆ రెండు స్థలాల చరిత్రలు ఒకటి కావు. రివర్‌వ్యూ టికెట్టు కొన్న జనం కోసమే వెలసింది. దివాన్ దేవిడి తోటలో అడుగుపెట్టే అర్హత ఎవరికి ఉండేది? ఈ ప్రశ్న వేయకుండా రాసిన స్మృతి ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

దేవిడీ అంటే ఉన్నత వంశీకుల నివాస సముదాయం. సాలార్‌జంగ్ వంశీకులు నిజాముల దగ్గర దివాన్లుగా పనిచేసినందువల్ల వారి నివాసానికి దివాన్ దేవిడి అన్న పేరు స్థిరపడింది. పత్తర్‌గట్టి, మీరాలం మండి ప్రాంతాలకు ఆనుకొని ఉన్న ఈ ఆవరణలో ఐనాఖానా, చీనీఖానా, లక్కడ్‌కోట్, నిజాంబాగ్ వంటి భాగాలు ఉండేవి. ఐనాఖానా అంటే అద్దాల మందిరం. చీనీఖానా గోడలకు పింగాణీ పళ్లేలు పొదిగారు. దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాల వల్ల ఈ వైభవం నేటి పాఠకుల కంటికి అందుతున్నది. అయితే ఆ చిత్రాలు చూపేది అతిథులను ఆహ్వానించడానికి అలంకరించిన ఇంటిని. వాటిని పౌరుల ఉమ్మడి జ్ఞాపకంగా చదవడం పొరపాటు.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949 మార్చిలో మరణించాడు. ఆయన అవివాహితుడు, నేరు వారసులు లేరు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఈ దేవిడీలోనే సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో సేకరణలు మూసీ దక్షిణపు ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలాయి. ఆ తరువాత దేవిడీ భవనాలు ఒక్కొక్కటిగా కూలి, వాటి చోట వస్త్ర వ్యాపార సముదాయాలు లేచాయి. పాత ద్వారాలు మాత్రం మిగిలాయి.

ఈ క్రమంలో విమర్శకుల దృష్టి సాధారణంగా రెండు కొసల మీదే నిలుస్తుంది: నవాబుల వైభవం ఒకవైపు, బట్టల బజారు మరొకవైపు. నడుమనున్న పదిహేడేళ్లు జారిపోతాయి. నిజానికి ఆ పదిహేడేళ్లలోనే సామాన్యుడు దివాన్ ఇంటి గడప దాటాడు. దొరవారి గదులను, గడియారాలను, పాలరాతి శిల్పాలను అవి పెరిగిన ఇంట్లోనే చూశాడు. ప్రభువుల విలాసం పౌరుల వినోదంగా మారిన ఘట్టం అదే. కాబట్టి నష్టాన్ని లెక్కకట్టవలసి వస్తే దాన్ని 1948 దగ్గర కాక 1968 తరువాత వెతకాలి. పోయినది నవాబుగారి తోట అనడంకన్నా, అప్పుడప్పుడే ప్రజల చేతికి వచ్చిన తోట అనడం సబబు.

తెలుగు కథ ఈ విషయంలో వ్యాసాలకన్నా ముందుంది. నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్’ కథలు పాతనగర ముస్లిం జీవితాన్ని బయటినుంచి చూసి అబ్బురపడే ధోరణికి లోను కావు. కూలిపోతున్న లోకంమీద ఆయనకు మమకారం ఉన్నది, కాని ఆ మమకారం మనుషులమీద. గోడలమీద మమకారం పెంచుకొని మనుషులను మరచే పర్యాటక రచనలకూ ఆయన కథలకూ ఉన్న తేడా ఇక్కడే. ‘యుగాంతం’ అన్న శీర్షిక ఒక్కటే గుర్తుంచుకొని దాన్ని శోకగీతంగా చదివే అలవాటు కూడా పునఃపరిశీలించదగినదే.

ఇక ‘మాల్’ అన్న మాట. దివాన్ దేవిడిలోని దుకాణ సముదాయాలను మాల్ అనడం వ్యవహారంలో ఉన్నా, అవి ఆ నమూనాకు చెందినవి కావు. అమెరికాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ తరహా మాల్ ఒకే యాజమాన్యం కింద, మూసిన గోడల మధ్య, వినోదాన్ని అమ్మకానికి ఎరగా వేసే స్థలం. దేవిడీ బజారులో అనేక చిన్న దుకాణాలు, టోకు బేరాలు, గుమాస్తాలు, మూటలు మోసే హమాలీలు ఉంటారు. ఇక్కడికి వచ్చేవారిలో తిరిగి అమ్ముకొనే చిన్న వ్యాపారులు ఎక్కువ. ఇంతమందికి అన్నం పెట్టే స్థలాన్ని పతనానికి ప్రతీకగా వర్ణించడంలో కొంత కులీన దృష్టి దాగి ఉన్నది. పైగా హైదరాబాద్ సంస్కృతిలో వినోదమూ వ్యాపారమూ ఎన్నడూ బద్ధశత్రువులు కావు. 1938లో బాగె ఆమ్‌లో మొదలైన నుమాయిష్ ఆ రెంటి కలయికే. రంజాన్ రాత్రులలో మదీనా కూడలి నుంచి చార్మినార్ దాకా నడిచే జనంలో కొనేవారెందరో, ఊరికే చూసేవారెందరో ఎవరూ విడదీయలేరు.

అంటే విమర్శకు తావే లేదని కాదు. పారిస్‌లో పాలే రాయల్ అధిపతి 1784లో తన ప్రాసాదపు తోట చుట్టూ దుకాణాల వరుసలు తెరిచాడు. అదీ ప్రభువుల తోట అంగడిగా మారడమే. కాని నడుమ తోట అలాగే నిలిచింది, నేటికీ ఉన్నది. అంత దూరం పోనక్కరలేదు. 1908 మూసీ వరదల తరువాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నిర్మించిన పత్తర్‌గట్టి పక్కనే ఉన్నది. అక్కడి రాతి కమానుల కింద నడిచేవాడు ఏమీ కొనకపోయినా నీడ దొరుకుతుంది. దివాన్ దేవిడి పునర్నిర్మాణంలో లోపించినది ఈ విచక్షణ. బజారు రావడం తప్పు కాదు. ఒక చెట్టుకు, ఒక చప్టాకు, కొనని మనిషి కూర్చొనే జాగాకు చోటు మిగల్చకుండా రావడం తప్పు. ఎడతెగని గోడల మధ్య, బట్టల నిల్వల నడుమ అగ్నిప్రమాద భయం కూడా ఈ లోపంలో భాగమే.

చౌమహల్లా ఉదాహరణ దీనికి సమాధానంగా చూపుతుంటారు. మొదట 45 ఎకరాలున్న ఆ ప్రాసాదంలో మిగిలిన 12 ఎకరాలను బాగుచేసి 2005లో సందర్శకులకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. అది ప్రశంసనీయమే. కాని వారసులు, నిధులు, సంకల్పం మూడూ ఉన్న చోటి పద్ధతిని అవి లేని దేవిడీలకు కొలబద్దగా పెట్టడం న్యాయం కాదు.

పరిశోధన దిశగా చేయవలసిన పని మరొకటి ఉన్నది. మ్యూజియంగా ఉన్న కాలంలో దివాన్ దేవిడిని చూసినవారి అనుభవాలను తెలుగులోనూ ఉర్దూలోనూ సేకరించాలి. భవనాల కొలతలు, దీన్‌దయాళ్ చిత్రాలు గ్రంథాలయాల్లో భద్రంగా ఉంటాయి. 1968 నాటికి పదేళ్ల వయసున్నవారు మాత్రం ఇప్పటికే డెబ్బయికి చేరువలో ఉన్నారు.