ఖర్చైపోయే కందెన

ఇసకపల్లి ఉప్పుమళ్ల నుంచి బకింగ్‌హామ్ కాలవ రేవులకు ఎద్దుబండ్ల మీద ఉప్పు తోలిన రోజుల్లో, ఎద్దుల మేత తర్వాత బండివాడి బెంగంతా ఇరుసు గురించే. నెల్లూరు తీరంలో గాలికే ఉప్పుంటుంది. బస్తాల్లోంచి రాలేది సరేసరి. ఇనుప ఇరుసు కాస్త పొడిబారిందంటే తుప్పు పడుతుంది, చక్రం కీచుమంటుంది, ఎద్దుల మెడల మీద బరువు పెరుగుతుంది. అందుకే బండి కింద ఒక వెదురుగొట్టం వేలాడుతుండేది. అందులో ఉండేది కందెన.

దాని తయారీ చూడ్డానికి సులువే. ఎండుగడ్డి కాల్చి, తెల్లబూడిద కాకముందే ఆర్పి, ఆ నల్లటి మసిని మెత్తగా నూరి ఆముదంలో కలుపుతారు. పాళ్లలోనే ఉంది కిటుకంతా. మసి ఎక్కువైతే గట్టిపడి పెళ్లలుగా రాలుతుంది. ఆముదం ఎక్కువైతే ఎండకు కారి దారిపాలవుతుంది. సీల ఊడదీసి, చక్రాన్ని బెత్తెడు బయటికి లాగి, ఇరుసుకు గోనెనార చుట్టి, దాని మీద కందెన పట్టించి, చక్రాన్ని లోపలికి తోసి ఒక చుట్టు తిప్పితే పని అయిపోయినట్టే. కొన్నాళ్లకు అది దుమ్ముతో కలిసి రాలిపోతుంది. మళ్లీ వెయ్యాలి. రాలినదాన్ని ఎవరూ ఎత్తుకోరు. ఒక్కసారి పనిచేసి పోవడమే ఆ కందెన పద్ధతి.

కారు ఇంజన్లకు అలవాటుపడ్డ మనకు ఇది నాటు పద్ధతిగా తోస్తుంది. కారులో ఆయిల్ అడుగున తొట్టెలో ఉంటుంది. పంపు దాన్ని పైకి తోడుతుంది, వడపోతలోంచి వచ్చి మళ్లీ తొట్టెలోకే దిగుతుంది. వేల కిలోమీటర్ల తర్వాత మార్పిస్తాం. అయితే మొదటి ప్రపంచయుద్ధంలో ఆకాశాన్ని ఏలిన ఇంజన్లు నడిచింది మాత్రం ఎద్దుబండి పద్ధతిలోనే. నూనె కూడా అదే, ఆముదం.

ఫ్రాన్సులో సెగాన్ సోదరులు తెచ్చిన నోమ్ ఇంజన్, ఆ తర్వాత వచ్చిన లె రోన్, క్లెర్జె, అన్నీ ఒకే జాతివి, రోటరీలు. వాటిలో క్రాంక్‌షాఫ్టు కదలదు, విమానం ముందుభాగానికి బిగించి ఉంటుంది. దాని చుట్టూ ఏడో తొమ్మిదో సిలిండర్లు, వాటికి బిగించిన ప్రొపెల్లర్‌తో సహా నిమిషానికి పన్నెండు వందల చుట్లకు పైగా గిరగిరా తిరుగుతాయి. అలా తిరగడం వల్లే గాలి తగిలి చల్లబడతాయి. నీళ్ల రేడియేటర్ అక్కర్లేదు, బరువు తగ్గుతుంది. 1909 నాటికి అంత తేలికైన ఇంజన్ దొరకడం ఒక వరం.

ఆ వరానికి ఒక మెలిక ఉంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం డొల్లగా ఉన్న క్రాంక్‌షాఫ్టు గుండా ఇంజన్ నడిబొడ్డులోకి వచ్చి, అక్కణ్నుంచి సిలిండర్లకు వెళ్లాలి. కందెన వేయాల్సిన బేరింగులు ఉన్నదీ అక్కడే. మామూలు మినరల్ ఆయిల్ పోస్తే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది. పోనీ తొట్టెలో నిలవ చేద్దామా అంటే ఇంజనంతా తిరుగుతున్నప్పుడు నూనె ఎక్కడ నిలుస్తుంది? ఆ వేగానికి చుక్క మిగలకుండా సిలిండర్ల కొసలకు ఎగదన్నుకుపోతుంది. ఆముదం ఈ రెంటికీ జవాబు చెప్పింది. దానిలో ఎనభై అయిదు శాతానికి పైగా ఉండే రిసినోలీయిక్ ఆమ్లం నిర్మాణం వల్ల అది పెట్రోలుకు సులువుగా లొంగదు. ఉక్కును మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. వేడెక్కినా చిక్కదనం నిలుపుకుంటుంది. కాబట్టి చిన్న పంపుతో ఆముదాన్ని లోపలికి పంపడం, అది బేరింగులను తడిపి సిలిండర్ గోడలమ్మట పాకి, చివరికి పొగతో కలిసి బయటికి పోవడం, అంతే. వెనక్కి రావడమన్నదే లేదు.

ఎంత పోయేదో చెబితే ఆశ్చర్యం వేస్తుంది. 1917లో వచ్చిన సాప్‌విత్ క్యామెల్ యుద్ధవిమానం 37 గ్యాలన్ల పెట్రోలుతో బయల్దేరితే, దాంతోపాటు ఆరు గ్యాలన్లకు పైగా ఆముదం మోసుకెళ్లేది. మన లెక్కలో 168 లీటర్ల పెట్రోలుకు ముప్ఫై లీటర్లకు కాస్త అటూఇటూగా నూనె. రెండున్నర గంటల్లో రెండూ హరీ. నూనె అందుతోందో లేదో తెలియడానికి పైలట్ ముందు ఒక చిన్న గాజుబుడ్డి ఉండేది. పంపు కొట్టినప్పుడల్లా అందులో నూనె ఎగిసి దిగుతుంది. నాడి చూసినట్టు దాన్ని చూసి ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోందో కూడా లెక్కకట్టేవాళ్లు. ఆ కదలిక ఆగిందంటే, దిగడానికి చోటు వెతుక్కోవడమే.

పొగతో బయటపడ్డ నూనె ఎక్కడికి పోతుంది? పైలట్ ముఖం మీదికి, కళ్లద్దాల మీదికి, ముక్కులోకి, నోట్లోకి. ఇంజన్ చుట్టూ గుర్రపునాడా ఆకారంలో రేకు తొడుగు వేసి అడుగున ఖాళీ వదిలింది ఆ తుంపరను కిందికి మళ్లించడానికే. అయినా రెండు గంటలు ఎగిరి వచ్చినవాళ్లది అచ్చంగా ఆముదం తాగిన ముఖమే. కడుపులు కదిలిపోయేవని, దానికి విరుగుడుగా బ్రాందీ పట్టేవారని బోలెడు కథలున్నాయి. వాటిలో అతిశయం పాలు ఎంతున్నా, ఆముదం పేగుల మీద చేసే పని మన ఇళ్లలో తెలియనిది కాదు. 1917లో బ్రిటిష్ 28వ స్క్వాడ్రన్‌లో క్యామెల్ నడిపి గాయపడిన హర్‌దిత్ సింగ్ మాలిక్ ఈ పొగ పీల్చిన భారతీయుడు. తరవాతి కాలంలో ఫ్రాన్సులో మన రాయబారిగా పనిచేశాడు.

బ్రిటన్‌కు అప్పుడు ఆముదపు గింజలు ముఖ్యంగా మన దేశం నుంచే వెళ్లేవి. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలోనూ, అటు హైదరాబాద్ సంస్థానంలోనూ మెట్టభూముల పంట అది. నిజాం విరాళంతో విమానాలు సమకూరిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు, అందరికీ గుర్తుంది. తెలంగాణ చెలకల్లో ఆముదం కోసినవాళ్ల పాలు మాత్రం ఏ పలకమీదా చెక్కలేదు. తమాషా ఏమిటంటే ఆ స్క్వాడ్రన్ డీహెచ్-9ఏ విమానాల్లో ఉన్నవి లిబర్టీ ఇంజన్లు, రోటరీలు కావు. ఆముదం విలువేమిటో చూడాలంటే అది దొరకనివాళ్లను చూడాలి. సముద్రాన్ని బ్రిటన్ దిగ్బంధించడంతో జర్మన్లకు ఆముదం కరువై వోల్టాల్ అనే బదులు నూనె పోశారు. వేసవి వేడికి వాళ్ల రోటరీలు పట్టేశాయి. అమెరికా సైన్యం భారతదేశం నుంచి విత్తనం తెప్పించి 1918లో సుమారు లక్ష ఎకరాల్లో ఆముదం వేయించింది. ఏ చెట్టూ లేనిచోట మహావృక్షమని మనం వెక్కిరించే మొక్క కోసం ఇదంతా!

అలాగని ఏ ఆముదమైనా సరిపోదు. మన ఇళ్లలో గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి, పైకి తేలినదాన్ని దేవి తీసే వంటాముదం తలకీ, దీపానికీ, పసిపిల్లల ఒంటికీ బాగుంటుంది. ఇంజన్‌కు పనికిరాదు. దానిలో తేమ, మడ్డి ఉంటాయి. విమానానికి కావలసింది వేడి తగలకుండా పిండి, శుద్ధి చేసిన లేతరంగు నూనె. కల్తీ పట్టడానికి పాత పరీక్ష ఒకటుంది. ఆముదం స్పిరిట్‌లో కలిసిపోతుంది, మిగతా నూనెలు చాలామటుకు కలవవు.

దీని అవగుణం జిగురు. వేడికి, గాలికి ఆముదం చిక్కబడి, వార్నిషులా గట్టిపడి, రింగుల గాళ్లలోనూ కవాటాల దగ్గరా పేరుకుంటుంది. తొలి రోటరీలను పదుల గంటల్లోనే విప్పి, గీకి, మళ్లీ బిగించాల్సి వచ్చేది. ఇంకా పెద్దవి కావడం కష్టమైనప్పుడు, సిలిండర్లు కదలని ఇంజన్లు మెరుగుపడ్డప్పుడు, యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లకే వాటి శకం తీరిపోయింది. ఆముదం పేరు కాస్ట్రాల్ డబ్బాల మీద మిగిలింది. ఈనాటికీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఓల్డ్ రైన్‌బెక్‌లో పాత రోటరీలు ఆముదం పొగతోనే ఎగురుతున్నాయి. న్యూజిలాండ్‌లో ఒక సంస్థ నోమ్ ఇంజన్లను కొత్తగా తయారుచేసి, పాత నమూనా విమానాలు సొంతంగా కట్టుకునేవాళ్లకు అమ్ముతోంది.

సొంతంగా కట్టుకునే పిచ్చి మనకూ కొత్తది కాదు. మద్రాసులో హోటల్ నడిపిన జియాకొమో డాంజెలిస్ తన నమూనాతో సింప్సన్ కంపెనీ చేత విమానం కట్టించి 1910లో పల్లావరంలో ఎగరేశాడు. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే జిల్లా.

ఇప్పుడు సొంతంగా విమానం కట్టుకునేవాళ్లలో రోటరీ అంటే చాలామందికి వేరే ఇంజన్: వాంకెల్. మాజ్డా కార్ల 13బి ఇంజన్ తీసుకొచ్చి విమానానికి బిగిస్తారు. దీనిలో సిలిండర్లు తిరగవు, పిస్టన్లే ఉండవు. మూడు మూలల రోటర్లు లోపల తిరుగుతాయి. ఒక్కో మూలా ఒక సన్నని లోహపు పట్టీతో గోడను రాసుకుంటూ పోతుంది. కందెనకు ఇందులో రెండు దారులు. బేరింగులకు, రోటర్లను లోపలినుంచి చల్లబరచడానికి తొట్టె ఆయిల్ తిరుగుతూ ఉంటుంది. ఆ వేడంతా ఆయిలే మోయాలి కనుక దానికి పెద్ద కూలర్ కావాలి. రోహిణి కార్తెలో మన తీరాన నేలమీద ఇంజన్ నడిపి చూస్తే ఆ కూలర్ విలువ తెలుస్తుంది. మూలపట్టీల సంగతి వేరు. వాటికి అందే నూనె కాలి బయటికి పోవలసిందే. మళ్లీ ఎద్దుబండి పద్ధతే!

కారులోనైతే తొట్టె ఆయిల్‌నే చిన్న పంపు కొంచెంకొంచెంగా పట్టీలకు చిమ్ముతుంది. తొట్టె ఆయిల్‌లో లోహపు రసాయనాలుంటాయి. అవి కాలితే బూడిద మిగులుతుంది. విమానం కారులా కాదు, గంటల తరబడి పూర్తిబలంతో లాగుతుంది. అందుకని చాలామంది ఆ పంపు తీసేసి, బూడిద మిగల్చని టూస్ట్రోక్ ఆయిల్‌ను లీటరు పెట్రోలుకు సుమారు 8 మిల్లీలీటర్ల చొప్పున ట్యాంకులోనే కలుపుతారు. కొందరు పంపును ఉంచి, దానికి వేరే చిన్న డబ్బాలోంచి ఈ నూనె అందిస్తారు. నా ఓటు రెండోదానికి. ట్యాంకులో కలిపే పద్ధతి మనిషి జ్ఞాపకశక్తిని నమ్ముకుంటుంది. పరాయి ఊళ్లో పెట్రోలు పోయించుకునేటప్పుడు అది ఎగ్గొట్టడం ఎంత తేలికో, బంకులో టూటీ ఆయిల్ మరిచి స్కూటర్ పట్టేయించుకున్న తరానికి చెప్పనక్కర్లేదు.

మన దేశంలో వాంకెల్ ఎగరకపోలేదు. బెంగళూరు ఎన్‌ఏఎల్, ఏడీఈ, అహ్మద్‌నగర్ వీఆర్‌డీఈ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలు కలిసి చేసిన 55 గుర్రాల వాంకెల్‌తో నిశాంత్ అనే మనిషిలేని విమానం 2009లో కోలార్‌లో లేచింది.

పెట్రోలులో నూనె కలిపే కొలతలో చెయ్యి తిరిగినవాళ్లు కావాలంటే నెల్లూరు తీరంలో పట్టపుపాలేలకు వెళ్లాలి. టూస్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు నడిపే మత్స్యకారుడు క్యానులో లీటరుకు 20 మిల్లీలీటర్ల నూనె పోసి, మూత బిగించి, అటూఇటూ కుదిపి గాని గొట్టం తగిలించడు. నూనె తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, హెచ్చితే ప్లగ్గు మసిబారుతుంది. ఏది జరిగినా ఒడ్డు దూరమే. ఒడ్డుకొచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగడం కూడా ఈ పనిలో భాగమే. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు విమానం నమూనా కట్టేముందు ఒక పూట ఆ ఒడ్డున కూర్చుంటే మేలు.

ఒక్క హెచ్చరిక. ఆముదం గొప్పదని చదివి వాంకెల్ ట్యాంకులో పచ్చి ఆముదం పోయకండి. అది పెట్రోలులో కలవకుండా అడుగుకు చేరుతుంది, పట్టీల గాళ్లలో జిగురు కడుతుంది. సిలిండర్లు తిరిగే పాత రోటరీకి ఆముదం, వాంకెల్‌కు టూస్ట్రోక్ ఆయిల్.