చెక్కిన పదార్థం ఎక్కడికి పోతోంది?

ఉలితో చెక్కితే పొట్టు కింద రాలుతుంది. సాయంత్రం చీపురుతో ఊడిస్తే పని అయిపోతుంది. లేజర్ కింద ఏమీ రాల్చదు. ఆ శుభ్రత చూసే చాలామంది ఈ పనిలోకి వస్తారు, నేనూ అందుకే వచ్చాను. కానీ నేమ్‌ప్లేటు మీద అక్షరం దిగినంత మేరా ఉన్న పదార్థం మాయమవలేదు. పొగగా, ఆవిరిగా గాల్లో కలిసింది. ఎగ్జాస్ట్ సరిగ్గా లేకపోతే మిషన్ పక్కన నిలబడ్డ కుర్రాడు దాన్నే పీలుస్తాడు.

ఆక్రిలిక్ నుంచి మిథైల్ మెథాక్రిలేట్ ఆవిరి వస్తుంది. ఎండీఎఫ్ కాలితే దాన్ని అతికించిన జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. వీటిని మంచి ఎగ్జాస్ట్‌తో బయటికి పంపవచ్చు. సన్‌బోర్డు, రెగ్జిన్ సంగతి వేరు. అవి చాలావరకు పీవీసీయే. పీవీసీ రెసిన్ బరువులో సగానికి పైగా క్లోరినే. లేజర్ తగలగానే హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది, తేమ తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మిషన్ పట్టాలు తుప్పు పట్టేది దీనితోనే. గొంతు, ఊపిరితిత్తులు ఆ పట్టాలకన్నా సున్నితం. రెగ్జిన్ డైరీల మీద పేర్లు చెక్కమని ఎంత పెద్ద ఆర్డరు వచ్చినా వద్దనే చెప్పాలి. ఏ ప్లాస్టిక్కో తెలియనప్పుడు ఆరుబయట ఒక పరీక్ష చేయవచ్చు. తొడుగు తీసిన రాగి తీగను ఎర్రగా కాల్చి ఆ ప్లాస్టిక్ ముక్కకు అంటించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే ఆ షీటును మిషన్‌లో పెట్టకండి.

ఇక పొగను లాగే బ్లోయర్. దాన్ని మిషన్ పక్కనే బిగించి, అక్కడి నుంచి కిటికీదాకా పైపు లాగడం చాలా షాపుల్లో అలవాటు. అప్పుడు పైపులో పొగ ఒత్తిడితో నడుస్తుంది. ప్రతి అతుకు దగ్గరా గదిలోకి చిమ్ముతుంది. బ్లోయర్‌ను పైపు బయటి కొసన పెడితే పైపంతా పీల్చుకుంటూ ఉంటుంది, చిల్లు పడినా గది గాలే లోపలికి పోతుంది. వీలైతే 4 అంగుళాల పైపు బదులు 6 అంగుళాలది వేయండి. గాలికి దారి రెండింతలకు పైగా పెరుగుతుంది. వంపులు తగ్గించండి. ఆ కొస పక్కింటి కిటికీ వైపు ఉండకూడదని వేరే చెప్పాలా?

అద్దాల తలుపు మూసి ఏసీ వేసుకున్న షాపులో ఎంత పెద్ద బ్లోయరైనా నీరసపడుతుంది. బయటి నుంచి గాలి రాకపోతే అది లాగేదేముంది? స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. లాగుడు సరిపోతోందో లేదో చూడాలంటే, బ్లోయర్ తిరుగుతుండగా మిషన్ మూత సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ చకచకా లోపలికి పోవాలి.

వాసన రావట్లేదు కదా అని ఊరుకోవద్దు. ముక్కు కాసేపటికి అలవాటు పడిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కైతే అసలు వాసనే లేదు. పని అయ్యాక బ్లోయర్‌ను కొంతసేపు తిరగనిచ్చి అప్పుడు మూత తీయండి.

కొత్తగా లేజర్ పెట్టుకునేవాళ్లకు నా మనవి ఒకటే. కొటేషన్ అడిగేటప్పుడే పైపు, బ్లోయర్, బిగింపు ఖర్చు కలిపి అడగండి. అవి బిగించేదాకా మిషన్ ఆన్ చేయకండి.