రంగు చూసి పేరు పెట్టకండి

మార్చి వచ్చిందంటే ఫీనిక్స్ చుట్టుపక్కల రోడ్ల అంచులన్నీ పసుపే. చాండ్లర్ వైపు మన తెలుగువాళ్లు వాకింగ్‌లో ఆగి, ఫోన్‌లో ఓ ఫొటో తీసి నాకు పంపుతారు: “ఇది మన బంతా, చామంతా?” రెండూ కాదు, కానీ రెండింటికీ చుట్టమే. అన్నీ పొద్దుతిరుగుడు కుటుంబం. సోనోరన్ ఎడారిలో ఆ కుటుంబానికి పసుపంటే మహా ఇష్టం. అందుకని ఇక్కడ రంగు చూసి పేరు చెప్పడమంటే, పెళ్లిపందిట్లో పట్టుచీర చూసి మనిషిని పిలవడమే.

వాళ్లు పంపిన ఫొటో ఎప్పుడూ పైనుంచి తీసిందే, అదీ బాగా విచ్చుకున్న పువ్వుదే. నాకు కావలసింది కింద ఉంటుంది. ఉదాహరణకు డెజర్ట్ మేరీగోల్డ్, అంటే బెయిలియా మల్టీరేడియేటా, ఆకుల్ని చాలావరకు కుదురు దగ్గరే పెట్టుకుంటుంది. ఆకుల మీద తెల్లటి దట్టమైన నూగు; ఎండను తిప్పికొట్టి తడి ఆరిపోకుండా కాచేది అదే. ఆ ఆకుల మధ్య నుంచి బోసి కాడ నిటారుగా లేస్తుంది. కొసన ఒక్కటే పువ్వు. బ్రిటిల్‌బుష్‌కీ బూడిదరంగు ఆకులే గానీ, అది పొద. దాని పూకాడ చీలి బోలెడు పూలు మోస్తుంది. బెయిలియాల్లోనే ప్లీనిరేడియేటా అని మరొకటుంది. అది ఏడాది మొక్క, ఆకులు కాడ మీదుగా పైకి పాకుతాయి. డెజర్ట్ మేరీగోల్డ్ కొన్నేళ్లు బతికేది, వాన పడితే నవంబరు దాకా పూస్తూనే ఉంటుంది.

ఇక పువ్వును వెనక్కి తిప్పండి. రేకుల అడుగున ఎర్రటి చారలుండి, పొద్దున్నే చాక్లెట్ వాసన కొడితే అది చాక్లెట్ ఫ్లవర్. భూతద్దం పెడితే డెజర్ట్ మేరీగోల్డ్ రేకు చివర మూడు పళ్లు కనిపిస్తాయి. రేకు అనుకున్నది నిజానికి ఒక పూర్తి చిట్టిపువ్వు. బెయిలియా ప్రజాతికి ఎవరి పేరు పెట్టారో ఆ జేకబ్ విట్మన్ బెయిలీ (1811–1857) మైక్రోస్కోపు మనిషి కావడం నాకు భలే ముచ్చట.

అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం వాడిన పువ్వు. డెజర్ట్ మేరీగోల్డ్ రేకులు రాలవు. వెలిసిపోయి, కాగితంలా పలచబడి, కిందికి వంగి అలాగే అంటిపెట్టుకుంటాయి. పేపర్‌ఫ్లవర్‌కీ ఇదే గుణం ఉంది గానీ, దానికి రేకులు నాలుగైదే, వెడల్పుగా. దీనికి సాధారణంగా 30 దాటుతాయి.

ఇదంతా తోటమాలుల సరదా అనుకోకండి. డెజర్ట్ మేరీగోల్డ్ గొర్రెలకీ మేకలకీ విషం. మంద తోలుకెళ్లేవాడికి ఈ తేడా తెలిసి తీరాలి.

కాబట్టి ఈసారి ఫొటోలు నాలుగు పంపండి: మొత్తం మొక్క, ఆకులతో కాడ మొదలు, పువ్వు వెనక వైపు, వాడిన పువ్వు. అందమైన ఫొటో మీ దగ్గరే ఉంచుకోండి, వాట్సాప్ స్టేటస్‌కి పనికొస్తుంది.