లెక్క చూపని తీర్పు

2022 నవంబరులో, బిగ్‌బాస్ ఆరో సీజన్ తొమ్మిదో వారంలో, మన చిత్తూరు యాసతో పేరు తెచ్చుకున్న గీతూ రాయల్‌ని బయటికి పంపారు. ఆమె ఆట మాకూ చాలాసార్లు చికాకే. అయినా మా పేచీ తీర్పుతో కాదు, లెక్కతో. ‘ప్రేక్షకుల ఓట్లు’ అన్నారు. ఎన్ని? ఎవరికెన్ని? నాగార్జునా చెప్పలేదు, ఛానలూ చెప్పలేదు.

అసెంబ్లీ ఎన్నికల్లో పోలింగ్ కేంద్రంలో పోలైన ఓట్లెన్నో 17సీ ఫారంలో రాసి ఏజెంటు చేతికిస్తారు. లెక్కింపు బల్ల దగ్గర అభ్యర్థి మనిషి కూర్చుంటాడు. ఇది ఊరికే రాలేదు. 1935 చట్టం కింద కూడా ఓటు ఆస్తికీ, పన్నుకీ, చదువుకీ ముడిపడే ఉండింది. మన వాడల్లో ఎంతమంది ఆ గడప దాటగలిగారు? వయోజనులందరికీ ఓటు కావాలని అంబేద్కర్ 1928లోనే సైమన్ కమిషన్‌ని అడిగారు.

ఇక్కడి ఓటుకి స్మార్ట్‌ఫోనూ డేటా కావాల. లేకుంటే మిస్డ్‌కాల్ ఉంది కదా అంటారు. సరే, దాన్ని లెక్కపెట్టిందెవరు?

సినిమా మన యాసని ఫ్యాక్షనిస్టుకో కమెడియన్‌కో ఇచ్చి ఊరుకుంది. ఈ షో తొమ్మిది వారాలు వినిపించింది, రేటింగు కోసమే అయినా. ఆ యాసకి జనం పెట్టిన వెల ఎంతో ఛానల్‌కి తెలుసు, మనకి తెలీదు. ఎలిమినేషన్ చెప్పే రోజే బయటి ఆడిటరు సంతకంతో ఓట్ల అంకెలు తెరమీద వెయ్యమని మనం అడగాల.