వెయ్యి ఉరుల మర్రి కింద నిలబడి

సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి ఉన్నది పాత ముషీరాబాద్ జైలు స్థలంలో. ఆ జైల్లోనే, ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబర్ 1న, భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరితీశారు. ఇద్దరూ ఆదిలాబాద్ జిల్లా రైతులు. ఆదిలాబాద్ నుంచి జబ్బుతో అక్కడికొచ్చే మనవాళ్ళలో ఎందరికి తెలుసు ఈ సంగతి?

మన రచనల్లో ఉరితాడు ఎప్పుడూ వీరుడి మెడకే పడుతుంది. నిర్మల్ మర్రికి రాంజీ గోండునూ వెయ్యిమందినీ వేలాడదీశారని రాస్తాం, పాడతాం. మంచిదే. మరి వీరుడు కానివాడి మాటేమిటి? 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు, కోర్టు విచారణ లేకుండానే, పోలీసు తూటాలకు చచ్చిపోతే సంబరపడ్డవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. నేను నోరు విప్పలేదు. ఆడపిల్లకు జరిగిన ఘోరానికి వచ్చిన కోపాన్ని తప్పుపట్టను. తప్పు మన రాతలది. నేరం చేసిన పేదవాణ్ణి మనిషిగా చూపించిన కథ మనలో ఎవరు రాశారు?

కోర్టు ఆ పని ఒకసారి చేసింది. ఈడిగ అనమ్మ ఒక తల్లినీ బిడ్డనూ చంపింది. నేరం రుజువైంది. అయినా 1974లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె చిన్న వయసునూ, చితికిన బతుకునూ, ఉరిభయంతో గడిపిన కాలాన్నీ లెక్కలోకి తీసుకుని శిక్షను యావజ్జీవంగా మార్చారు. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరు దళిత యువకుల ఉరి కూడా 1998లో ఆగింది, జనం పట్టుబట్టబట్టే. 2015లో లా కమిషన్ ఉగ్రవాద కేసుల్లో తప్ప ఉరి వద్దంది.

రాంజీ గోండు పాఠం చెప్పే టీచర్లు, మరుసటి రోజు అనమ్మ కేసు కూడా చెప్పి చూడండి. పిల్లలు వేసే ప్రశ్నలు రాసి పంపండి.