నడవడం సులువే

పోయిన శరదృతువులో ఒక శనివారం పొద్దున్నే డల్లాస్‌లో మా అబ్బాయి నన్ను కారెక్కించుకున్నాడు. చీర మీద షూస్ వేసుకుని, వేలాది మంది మధ్య మూడు మైళ్లు నడవాలి. ఊళ్లో ఉంటే రోజూ కాలనీ పార్కులో దాదాపు అంత నడుస్తాను. కాబట్టి నడక గురించి నాకు బెంగ లేదు. బెంగ పడిందల్లా దానికి ముందు మూడు వారాలు.

అమెరికాలో అల్జీమర్స్ అసోసియేషన్ ఏటా జరిపే నడక అది. 1989లో ‘మెమరీ వాక్’గా మొదలై ఇప్పుడు ‘వాక్ టు ఎండ్ అల్జీమర్స్’ పేరుతో ఆ దేశంలో 600కు పైగా చోట్ల జరుగుతోంది. పేరు ఇవ్వడానికి రుసుము లేదు. తెలిసినవాళ్లను అడిగి విరాళం పోగుచేసుకు వెళ్లడం ఆనవాయితీ. కొంత మొత్తం తెచ్చినవాళ్లకు టీషర్టు ఇస్తారు. ఆ సొమ్ము పరిశోధనలకూ, అర్ధరాత్రి ఫోన్ చేసినా పలికే హెల్ప్‌లైన్‌ వంటి వాటికీ పోతుంది.

వినాయక చవితి చందా అడిగినట్టే అడిగేయొచ్చు అనుకున్నాను. కానీ చవితి చందాకు ఎందుకని ఎవరూ అడగరు. ఇక్కడ మొదటి ప్రశ్నే, “మీ ఇంట్లో ఎవరికైనా ఉందాండీ?” అని.

ఉంది. మా అత్తయ్యకు. ఆ మాట బయటి మనిషితో అనడం నాకదే మొదటిసారి. ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్లు. అంతకుముందు తొమ్మిదేళ్లూ, ఇంటికి ఎవరొచ్చినా “పెద్దతనం, కాస్త చాదస్తం” అనే చెప్పాం. ఆడపడుచు కూతురికి సంబంధాలు చూస్తున్న రోజులవి. వంశంలో మతి చలించే జబ్బుందంటారేమోనని భయం.

నేను మొదట అడిగింది మావాడి పక్కింట్లో ఉండే గుంటూరాయన్ని. అత్తయ్య సంగతి చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, “మా నాన్నకీ ఉందండీ, ఇంకా అన్నయ్యకు కూడా చెప్పలేదు” అన్నాడు. యాభై ఒక్క డాలర్లిచ్చాడు. చదివింపుల అలవాటు అమెరికా వెళ్లినంత మాత్రాన ఎక్కడికి పోతుంది! మొత్తం పంతొమ్మిది మందిని అడిగాను. ఏడుగురు తమ ఇంటి సంగతి చెప్పుకున్నారు. డబ్బులిచ్చి తొందరగా ఫోన్ పెట్టేసినవాళ్ల ఇళ్లలో ఏముందో నాకు తెలియదు.

ఇక ఆ రోజు సంగతి. మైక్ హోరు, స్టాళ్లు, బెలూన్లు. జాతరలా ఉంది. జబ్బు పేరు చెప్పి ఈ సంబరమేమిటని లోపల విసుక్కున్నాను కూడా. అక్కడ ప్రతి మనిషి చేతికీ ఒక పువ్వు ఇస్తారు. జబ్బుతో ఉన్నవాళ్లకు నీలం, చూసుకునేవాళ్లకు పసుపు, మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు ఊదా, ఊరికే మద్దతుగా వచ్చినవాళ్లకు నారింజ. నేను ఊదాపువ్వు తీసుకున్నాను. తెల్లపువ్వు కూడా ఒకటుంది. అది ఈ జబ్బు నయం కాబోయే మొదటి మనిషి కోసం. 2023లో అమెరికాలో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ మందు కూడా, తొలిదశలో ఉన్నవాళ్లలో జబ్బు వేగాన్ని కొంత తగ్గించేదే తప్ప నయం చేసేది కాదు.

మాకు ముందు ఒక పెద్దాయన పసుపుపువ్వుతో, ఆయన భార్య నీలంపువ్వుతో నడుస్తున్నారు. ఉన్నట్టుండి ఆవిడ వెనక్కి తిరిగి ఎదురు నడవడం మొదలుపెట్టింది. ఆయన ఆపలేదు, తనూ తిరిగి ఆవిడతో నడిచాడు. వచ్చే జనం రెండుగా చీలి వాళ్లకు దారిచ్చారు.

అత్తయ్యా నడిచేది. సాయంత్రం నాలుగయ్యేసరికి రెండు చీరలు మడిచి గుడ్డసంచీలో పెట్టుకుని, “అమలాపురం బస్సుకు వేళైంది” అంటూ గేటు దగ్గరికి వచ్చేది. సంధ్యవేళ ఇలా కుదురు తప్పడాన్ని డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. మేం గేటుకు తాళం వేశాం. ఒకసారి తాళం మరిచిపోతే బస్టాండు దాకా వెళ్లింది. సోడాబండి అబ్బాయి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఎవరి తాలూకో తెలిసేదాకా కబుర్లు చెప్పాడట. మేమా సంగతీ దాచాం. అతనికి సరిగా కృతజ్ఞత చెప్పలేదు కూడా, చెబితే బయటపడుతుందని.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బు) ఉందని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. అందులో ఎన్ని ఇళ్ల గేట్లకు తాళాలున్నాయో! 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ అనే అల్జీమర్స్ సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. ఏటా సెప్టెంబర్ 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఆ రోజుల్లో మన నగరాల్లోనూ ఇలాంటి నడకలు జరుగుతుంటాయి. ఈసారి మీ దగ్గర జరిగితే వెళ్లండి. వెళ్లేముందు పదిమందిని పది రూపాయలైనా అడగండి. ఎవరి కోసమని వాళ్లు అడిగితే మా నాన్న కోసమనో, మా అమ్మమ్మ కోసమనో చెప్పండి. పెద్దతనం అని మాత్రం అనకండి.